పాత సోలార్ ప్లేట్లు ఎవరికివ్వాలి? బండాయన ఫ్రేము ఒక్కటే కావాలంటున్నాడు

ఉద్దానం_కొబ్బరి
మాది కవిటి దగ్గర పల్లెటూరు. 2012లో కరెంటు కోతలు గుర్తున్నాయిగా, ఆ రోజుల్లో మా నాన్న పంతం పట్టి డాబా మీద 250 వాట్ల ప్లేట్లు ఆరు, కింద బ్యాటరీలు నాలుగు పెట్టించారు. ఈమధ్య ఇంటి మీద సోలారుకి సబ్సిడీ ఇచ్చే సూర్యఘర్ పథకం కింద కొత్తగా మూడు కిలోవాట్లు వేయించాం. బిగించడానికొచ్చిన కుర్రాళ్ళు పాతవి విప్పి పశువులశాల గోడకి చేరేసి వెళ్ళిపోయారు. ఇవి కూడా పట్టుకుపోండి బాబూ అంటే "అది మా ఆర్డర్లో లేదండి" అన్నారు.

ఆరింట్లో రెండు పగిలాయి. ఒకటి తిత్లీ తుపానులో కొబ్బరి మట్ట పడి, రెండోది మొన్న దించేటప్పుడు. పాత సామాన్ల బండాయన వచ్చి చూశాడు. చుట్టూ ఉన్న అల్యూమినియం ఫ్రేము, వెనకాల రాగి వైరు తూకానికి తీసుకుంటాడట. మిగతా అద్దం సంగతేంటంటే "నాకెందుకు బాబూ, మీ జీడి తోటలో గొయ్యి తీసి కప్పెట్టేయండి" అంటున్నాడు. మా నాన్న గునపం కూడా బయటికి తీశారు. రెండ్రోజులు ఆగమని చెప్పి ఇక్కడ అడుగుతున్నాను. మీలో ఎవరైనా పాతవి వదిలించుకున్నారా? ఎలా?

చీపురుపల్లి_చిన్నోడు
గునపం దాచేయండి ముందు.

రాజాం_రైతు
గొయ్యి తియ్యొద్దు బావూ. మా ఊరోలు బోరు కాడ ఇరిగిపోయిన ప్లేట్లు ట్రాక్టరులో ఏసుకెళ్ళి సెరువు గట్టున ఒగ్గేసినారు. రెండు వానలు పడ్డాక ఆ అద్దం నలిగి పంచదార పలుకుల్లాగ అయిపోనాది. గేదెలు దిగే రేవంతా గాజే. ఇప్పుడా రేవులోకి ఎవులూ దిగరు. ఎవులేసినారని అడిగితే ఎవులికీ తెలీదు మరి.

జీడిపిక్క
శాల గోడకి చేరేశారా? ఎండ తగిలిందంటే అక్కడ కూడా కరెంటు తీస్తూనే ఉంటుంది. ఆవు తోక తగిలితే ఆ రోజు పాలు కాచకుండానే తాగొచ్చు 😄

సోలార్_సూరి
జీడిపిక్క గారు నవ్వుతూ అన్నా మాట నిజం. ప్లేటుకి స్విచ్చి ఉండదు. వెలుతురు పడినంతసేపూ కరెంటు పుడుతూనే ఉంటుంది. ఒక్క ప్లేటుతో భయం లేదు, ఓల్టేజీ ముప్ఫై అయిదూ నలభై మధ్యే. కానీ నాలుగైదు వరసగా కలిపి ఉన్నప్పుడు, పైగా అద్దం పగిలి లోపలికి తడి దిగితే ముట్టుకోవద్దు. పగిలిన రెంటినీ ముఖం గోడవైపు తిప్పండి, లేదా పరదా కప్పండి. వైరు కొసలకి ఇన్సులేషన్ టేపు చుట్టండి.

నేను విజయనగరంలో ఇదే పని చేస్తాను. చాలామంది చేసే తప్పు ఒకటుంది. పాతవి దించగానే అవి చచ్చిపోయాయనుకుంటారు. 2012 ప్లేటంటే చచ్చే వయసు కాదు. కంపెనీలే పాతికేళ్ళ తర్వాత కూడా నూటికి ఎనభై పాళ్ళు ఇస్తుందని వారంటీ రాసిస్తాయి. ముందు మీటరు పెట్టి చూడండి.

మంచి ఎండలో, పదకొండు నుంచి ఒంటిగంట లోపు, ప్లేటు ఒక్కటీ విడిగా, ముఖం ఎండకి. వెనక లేబుల్ మీద వీఓసీ (ఏమీ తగిలించనప్పటి ఓల్టేజీ), ఐఎస్‌సీ (రెండు కొసలూ కలిపినప్పటి ఆంపియర్లు) అని రెండు అంకెలుంటాయి. మల్టీమీటరు డీసీ ఓల్టుల్లో పెట్టి రెండు కొసలూ పట్టుకుంటే మొదటిది వస్తుంది. రెండోదానికి వైరు చుట్టూ పట్టే డీసీ క్లాంపు మీటరు ఉంటే మేలు. లేదంటే మల్టీమీటరు ఎర్ర వైరు 10 ఆంపియర్ల రంధ్రంలోకి మార్చి చూడాలి. ఎండలో కరెంటు పారుతుండగా కొస లాగకండి, నిప్పు రవ్వ లేస్తుంది. ముందు దుప్పటి కప్పి, ఆ తర్వాత తీయండి.

ఓల్టేజీ బాగుండి ఆంపియర్లు బాగా పడిపోతే లోపల సెల్స్, అంటే కరెంటు పుట్టించే గళ్ళు, పోయినట్టు. ఆంపియర్లు బాగుండి ఓల్టేజీలో సరిగ్గా మూడో వంతు తగ్గితే సెల్స్ పోలేదు, వెనక వైర్లు బయటికొచ్చే డబ్బాలో డయోడు, అంటే కరెంటుని ఒకవైపే పోనిచ్చే చిన్న ముక్క, పోయింది. మూడు డయోడ్లుంటాయి, ఒక్కోటీ మూడో వంతు సెల్స్‌కి కాపలా. మన జిల్లాల్లో పిడుగులకి ఇవే ముందు పోతాయి. కొత్త డయోడు ఒక సమోసా, టీ ఖర్చు.

ఉద్దానం_కొబ్బరి
ప్రతి ప్లేటూ చూసి చెప్తాను. రేపు ఆదివారమే. ఇంకో ప్రశ్న, బాగున్న పాతవాటిని కొత్త మూడు కిలోవాట్లకే కలిపేయొచ్చా? నాన్న అడుగుతున్నారు.

సోలార్_సూరి
వద్దు. వరసలో కలిపితే అన్నిటికంటే తక్కువ కరెంటు ఇచ్చే ప్లేటు మిగతావాటిని కూడా తన స్థాయికి లాగేస్తుంది. ముసలి ఎద్దునీ కోడెనీ ఒకే కాడికి కట్టినట్టు. పైగా మీరు తీసుకున్న సబ్సిడీ దేశంలోనే తయారైన సెల్స్, ప్లేట్లు వాడితేనే ఇస్తారు. అందులో ఇంకోటి చొప్పిస్తే రేపు తనిఖీలో తంటా.

పాతినుము
బండాయన్ని అందరూ తిడతారని ముందే రాస్తున్నాను. నాది నరసన్నపేట వైపు పాత ఇనప సామాన్ల కొట్టు. మా బాధ వినండి. అల్యూమినియానికి కొనేవాడున్నాడు, రాగికి ఉన్నాడు. ఆ అద్దానికి ఎవడూ లేడు. సీసాల అద్దం కొనేవాడికి చూపిస్తే "వెనకాల ప్లాస్టిక్ అంటుకుని ఉంది, మాకొద్దు" అన్నాడు. ఒకసారి పాపం అని పన్నెండు ప్లేట్లు మొత్తంగా తీసుకున్నాను. ఫ్రేములు అమ్మితే వచ్చిన డబ్బు వచ్చింది. అద్దాలు రెండేళ్ళ నుంచి కొట్టు వెనక అలాగే ఉన్నాయి. మా ఆవిడ రోజూ చెబుతుంది, వాటిని చూసినప్పుడల్లా నన్ను చూసినట్టే ఉందట.

చీపురుపల్లి_చిన్నోడు
@పాతినుము పనికిరావు గానీ పారేయలేం అని 😂

టెక్కలి_మాస్టారు
పాతినుము గారు చెప్పింది సరైన లెక్కే. ఇంటి మీద వేసే మామూలు సిలికాన్ ప్లేటు బరువులో ముప్పాతిక వంతు అద్దమే. ప్లాస్టిక్ పొరలు పదో వంతు, అల్యూమినియం సుమారు ఎనిమిది శాతం, సిలికాన్ అయిదు, రాగి ఒక శాతం దగ్గర. వెండి వెయ్యింట ఒక వంతు కూడా ఉండదు. కానీ ప్లేటులో ఉన్న విలువలో ఎక్కువ భాగం అల్యూమినియం, సిలికాన్, రాగి, వెండిలోనే ఉంది.

అద్దం, సెల్స్, వెనక తెల్ల షీటు, వీటిని అంటించేది ఈవీఏ అనే ప్లాస్టిక్. 150 డిగ్రీల వేడి దగ్గర కరిగించి ఒకటిగా అతికేస్తారు. పాతికేళ్ళు వానలో నిలవాలి కదా, అందుకని విడిపోకుండా చేశారు. ఇప్పుడు విడదీయాలంటే అదే శత్రువు. యంత్రంతో పొడి చేయాలి, లేదా 500 డిగ్రీల దగ్గర మూసిన కొలిమిలో ప్లాస్టిక్‌ని కాల్చాలి, లేదా వేడి కత్తితో అద్దాన్ని కోసి తీయాలి. ఇందులో ఏదీ ఊళ్ళో పెట్టుకునే పని కాదు. పైగా సోలార్ అద్దంలో చాలావరకు యాంటిమొనీ అనే పదార్థం కలుపుతారు, అందుకే మామూలు అద్దాల ఫ్యాక్టరీలు దాన్ని సులువుగా ఒప్పుకోవు.

బొబ్బిలి_వీణ
వెండి మాట ఎత్తారు కాబట్టి మా ఇంటి భాగోతం. మా అక్క కొడుకు బీటెక్. ఏదో వీడియో చూసి, ప్లేట్లలోంచి వెండి తీసి మా అమ్మకి పట్టీలు చేయిస్తానని బయల్దేరాడు. నైట్రిక్ యాసిడ్ ఎక్కడో సంపాదించాడు. డాబా మీద బక్కెట్లో పోశాడు. ఎర్రటి పొగ లేచింది, వీడు దగ్గుతూ కిందికి దూకినంత పని చేశాడు. మూడు వారాలు చేతుల మీద పసుపు మచ్చలు పోలేదు. వెండి రాలేదు, బక్కెట్టు పోయింది, డాబా గచ్చు కూడా తినేసింది. మా అమ్మ ఇప్పటికీ "నా పట్టీలేవిరా" అని అడుగుతుంది.

జీడిపిక్క
పైడితల్లి పండక్కి అయినా ఒక జత కొనివ్వమనండి మీ మేనల్లుణ్ణి.

ఇచ్ఛాపురం_అమ్మాజీ
మీరంతా నవ్వుకుంటున్నారు గానీ నాకు భయంగా ఉంది. మా ఉద్దానంలో ఏ వీధికెళ్ళినా డయాలసిస్‌కి తిరిగేవాళ్ళున్నారు. మా మరిదిగారు కూడా. ఈ ప్లేట్లలో కాడ్మియం ఉంటుందంటారు, సీసం ఉంటుందంటారు. తోటలో పాతిపెడితే బావిలోకి దిగదా? మళ్ళీ కిడ్నీల మీదకే కదా వచ్చేది?

టెక్కలి_మాస్టారు
అమ్మాజీ గారూ, మీ భయం నాకు అర్థమైంది. కానీ రెండూ ముడిపెట్టకండి. ఉద్దానం కిడ్నీ జబ్బు ఈ ప్లేట్లు మన ఊళ్ళకి రాకముందు నుంచీ ఉంది. ఎన్ని పరిశోధనలు జరిగినా ఫలానాదే కారణమని ఇంకా తేల్చలేదు. ఉన్న బాధకి లేని కారణం అంటగడితే అసలు కారణం వెతకడం మానేస్తారు.

కాడ్మియం ఉండేది వేరే రకం, పల్చటి పొర ప్లేట్లలో. అవి చూడ్డానికి నల్లగా ఒకే పలకలా ఉంటాయి, సెల్స్ గళ్ళు కనపడవు. మన ఇళ్ళ మీద నీలం గళ్ళవి దాదాపు అన్నీ సిలికానే. వాటిలో కాడ్మియం ఉండదు. సీసం మాత్రం ఉంటుంది, సెల్స్‌ని కలిపే రాగి పట్టీల మీద తగరం, సీసం కలిపిన టంకం పూస్తారు. ప్లేటు చెక్కుచెదరకుండా ఉంటే అది లోపలే ఉంటుంది. ముక్కలు చేసి తడి నేలలో పాతితే ఏళ్ళ మీద కొంచెం కొంచెంగా బయటికి రావచ్చు. కాబట్టి పాతొద్దన్నది సరే, కారణం అది.

రాజాం_రైతు
మాస్టారూ, పాతొద్దు సరే, కాల్చేస్తే? మా కాడ వైర్లు కాల్చి రాగి తీస్తారు గదా.

టెక్కలి_మాస్టారు
అస్సలొద్దు. చాలా ప్లేట్ల వెనక తెల్ల షీటులో ఫ్లోరిన్ ఉన్న ప్లాస్టిక్ ఉంటుంది. కాలిస్తే వచ్చే పొగ ఊపిరితిత్తుల్ని పాడు చేస్తుంది. రాగి కోసం వైర్లు కాల్చడం కూడా మానమనండి. బ్లేడుతో తొక్క తీస్తే వచ్చేస్తుంది.

పాతినుము
తొక్క తీసిన రాగికి రేటు కూడా ఎక్కువే. నల్లబడిన రాగికి మేమే తగ్గించి ఇస్తాం. ఈ మాట ఎవరూ నమ్మరు.

చీపురుపల్లి_చిన్నోడు
మా పంచాయతీలో సోలార్ వీధి దీపాలు వేశారు. మొదటి ఏడు వెలిగాయి. రెండో ఏడు బ్యాటరీలు ఎవరో పట్టుకుపోయారు. ఇప్పుడు స్తంభాల మధ్య తాడు కట్టి బట్టలారేసుకుంటున్నాం. సౌరశక్తితోనే ఆరుతున్నాయి, పథకం విజయవంతమే.

నాగావళి78
నేను విశాఖలో పాత కంప్యూటర్లు, టీవీలు పోగేసి రీసైక్లర్లకి పంపే చోట పని చేస్తాను. కాబట్టి చట్టం ముక్క నేను చెబుతాను.

2022 నవంబరులో కొత్త ఈ-వ్యర్థాల నిబంధనలు వచ్చాయి, 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్నాయి. అందులో సోలార్ ప్యానెళ్ళని పేరు పెట్టి చేర్చారు. తయారుచేసే కంపెనీ, దిగుమతి చేసి అమ్మే కంపెనీ కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్లో నమోదు కావాలి. ఏటా లెక్కలు ఇవ్వాలి. 2034-35 దాకా పోగయ్యే పాత ప్యానెళ్ళని మండలి చెప్పిన పద్ధతిలో నిల్వ చేయాలి. మళ్ళీ చదవండి, నిల్వ చేయాలి. టీవీలకీ ఫోన్లకీ ఏడాదికి ఇంత శాతం రీసైకిల్ చేసి తీరాలని లక్ష్యాలున్నట్టు వీటికి ఇప్పుడే పెట్టలేదు.

చీపురుపల్లి_చిన్నోడు
అంటే కొబ్బరి గారి నాన్నగారు చేస్తున్నదే చట్టబద్ధం. శాల కొంచెం పెద్దది కావాలంతే.

ఉద్దానం_కొబ్బరి
@నాగావళి78 మా ప్లేట్ల వెనక ఉన్న నంబరుకి ఫోన్ చేశాను. ఆ నంబరు ఉనికిలో లేదంటోంది. అమ్మిన షాపు ఉన్న చోట ఇప్పుడు బిర్యానీ సెంటరు. కాబట్టి కంపెనీ బాధ్యత అనే మాట మా విషయంలో గాలిలోనే ఉంది.

నాగావళి78
అదే అసలు చిక్కు. ఇరవై అయిదేళ్ళు బతికే వస్తువుని అయిదేళ్ళు బతికే షాపు అమ్మింది. యూరప్‌లో 2012లోనే ప్యానెళ్ళని ఈ-వ్యర్థాల చట్టం కిందికి తెచ్చారు, ఫ్రాన్స్‌లో 2018లో వీటికంటూ ఒక ఫ్యాక్టరీ పెట్టారు. మనకి ఇంకా పోగేసే దారే సరిగ్గా పడలేదు.

ఇప్పుడు పనికొచ్చే మాట. మీరు ఫ్రేము విప్పి బండాయనకి అమ్మారనుకోండి, నాలుగు డబ్బులొస్తాయి. మిగిలిన అద్దం పలక ఇక ఎవడికీ అక్కర్లేని అనాథ. ఫ్రేముతో, డబ్బాతో, వైరుతో నిండుగా ఉన్న ప్లేటుని రీసైక్లరు తీసుకుంటాడు. ఎందుకంటే ఆ అల్యూమినియం డబ్బుతోనే అద్దం ఖర్చు కొంత గట్టెక్కుతుంది. కాబట్టి ఫ్రేము విప్పొద్దు.

పాతినుము
ఈ మాట మాత్రం మా వ్యాపారానికి దెబ్బే. అయినా కాదనలేను. కొట్టు వెనకున్న పన్నెండూ చూసి అంటున్నాను.

రాజాం_రైతు
ఫ్రేము తియ్యకండా ఉంచితే నాకియ్యండి, మేకల పాక మీదేస్తాను. రేకుల కన్నా చల్లగా ఉంటాది.

సోలార్_సూరి
పగలనివైతే పర్లేదు రైతు గారూ. వైర్లు మొదట్లో కోసి కొసలు టేపు చుట్టండి. అయితే మన తుపానులు గుర్తు పెట్టుకుని గట్టిగా బిగించండి. హుద్‌హుద్ రోజు ఒక అపార్ట్‌మెంటు మీద నుంచి ఎగిరిన ప్లేటు పక్క వీధిలో కారు అద్దంలో దిగబడి ఉండటం నేను కళ్ళారా చూశాను. ఫ్రేము రంధ్రాలకి బోల్టులు వేయాలి, తాడు కాదు.

టెక్కలి_మాస్టారు
పాక మీద వేస్తే సమస్య తీరినట్టు కాదు, పదేళ్ళు వాయిదా పడినట్టు. అప్పుడు మీ అబ్బాయి ఇదే ప్రశ్న అడుగుతాడు.

రాజాం_రైతు
మా అబ్బాయి హైదరాబాదులో ఉన్నాడు మాస్టారూ. ఆడు మేకలనే అడగడు, ప్లేట్లనేటి అడుగుతాడు.

ఉద్దానం_కొబ్బరి
పరీక్ష అయింది. పదకొండున్నరకి, ఆకాశం బాగానే ఉంది. లేబుల్ ప్రకారం 37.6 ఓల్టులు, 8.7 ఆంపియర్లు.

ఒకటోది 35.9, 7.4. రెండోది 36.1, 7.2. మూడోది 24 ఓల్టులే, ఆంపియర్లు మాత్రం 7.1. నాలుగోది 35.8 గానీ ఆంపియర్లు 2.9. నాలుగోదాని సెల్స్ మధ్య గోధుమ రంగు తిరిగి, నత్త పాకినట్టు గీతలున్నాయి. పగిలిన రెండూ ముట్టుకోలేదు. నాన్న పక్కనే నిలబడి ప్రతి అంకె నోట్‌బుక్కులో రాసుకున్నారు. పన్నెండేళ్ళు పైనే అయినా ఇంత వస్తోందంటే ఆయన మొహం చూడాలి. "నేను అప్పుడే చెప్పాను" అని మధ్యాహ్నం నుంచి నాలుగుసార్లు అన్నారు.

సోలార్_సూరి
ఒకటి, రెండు బంగారం. ఆ ఎండకి ఆ అంకెలు చాలు. మూడోది నేను చెప్పిన డయోడు కేసే, ముప్ఫై ఆరులో మూడో వంతు పోతే ఇరవై నాలుగు. ప్లేటుని గోనె సంచుల మీద బోర్లా పడుకోబెట్టి, వెనక డబ్బా మూత తీయండి. మీటరు డయోడు గుర్తు మీద పెట్టి ఒక్కోటీ చూడండి. రెండు వైపులా సున్నా చూపించేది పోయినట్టు. 10ఎస్‌క్యూ045 అని అడిగితే పలాసలోనే రేడియో షాపులో దొరకొచ్చు. తెల్ల గీత పాతదానికి ఎటుందో అటే రావాలి. డబ్బా లోపల జిగురు పోసేసి ఉంటే మాత్రం వదిలేయండి, పీకితే పట్టీలు తెగుతాయి. నాలుగోది ఆశ వదులుకోండి.

ఇచ్ఛాపురం_అమ్మాజీ
మరి బ్యాటరీలు? సీసం అంటే అసలు అందులోనే కదా ఉండేది.

పాతినుము
బ్యాటరీలకి దిగులు లేదమ్మా, అవి లక్ష్మి. 150 ఏహెచ్ ట్యూబులరు ఒక్కోటీ యాభై కిలోల పైమాటే. కొత్తది కొనే షాపులోనే పాతది ఇచ్చి రేటు తగ్గించుకోండి. 2022 నిబంధనల ప్రకారం పాత బ్యాటరీలు వెనక్కి తీసుకునే బాధ్యత కంపెనీలదే, వాళ్ళ తరఫున డీలర్లు తీసుకుంటారు. "యాసిడ్ పారబోసి పట్టుకురా" అనేవాడికి మాత్రం ఇవ్వొద్దు. మీ పెరట్లో పోయించి, బరువు తగ్గిందని మీకే తక్కువిస్తాడు. రెండు రకాలా మోసం.

ఉద్దానం_కొబ్బరి
డయోడు మార్చాం! 36.0 వచ్చింది. పలాసలో షాపాయన "ఇదెందుకండి, ఇన్వర్టరుకా" అని అడిగి రెండు ఎక్కువిచ్చాడు. పనికొచ్చే మూడూ శాల మీద బిగించి, ఒక చిన్న బ్యాటరీతో పశువులకి ఫ్యాను, బల్బులు పెడతాం. మిగిలినవి మూడు, నాలుగో నంబరుదీ పగిలిన రెండూ. ఫ్రేములు విప్పలేదు. ఇప్పుడీ మూడింటినీ విశాఖ దాకా పంపాలంటే బండి కిరాయే వాటి విలువకి పది రెట్లు.

నాగావళి78
పగిలినవైనా ఫ్రేము ఉంటే మేం తీసుకుంటాం. విడగొట్టేది ఇక్కడ కాదు, లోడు పోగయ్యాక నమోదైన రీసైక్లరుకి పంపుతాం. రసీదు ఇస్తాం. డబ్బులు మాత్రం ఆశించకండి. మూడింటి కోసం బండి కట్టొద్దు, ఇంకొందరు కలవండి.

సోలార్_సూరి
బుధవారం నాకు పలాసలో బిగింపు పనుంది. సామాను దించాక బొలేరో ఖాళీగా విజయనగరం వస్తుంది. మర్నాడు కొత్త ప్లేట్ల కోసం విశాఖ కూడా ఖాళీగానే వెళ్తుంది. కవిటి దాకా రాలేను, హైవే మీదకి తెచ్చిపెడితే ఎక్కించుకుంటాను. దారిలో టెక్కలి, నరసన్నపేట, శ్రీకాకుళం. ఎవరి దగ్గర ఎన్నున్నాయో ఇక్కడే రాయండి, ముప్ఫై దాకా పడతాయి.

పాతినుము
నావి పన్నెండు. ఫ్రేములు లేవు, తెలుసు. తీసుకుంటారా?

నాగావళి78
మీ అల్యూమినియం డబ్బు మీరు తినేశారు కదండీ 🙂 సరే, విరగకుండా కట్టలు కట్టి ఇవ్వండి, అడిగి చూస్తాను. మాట మాత్రం ఇవ్వను.

పాతినుము
మా ఆవిడకి చెప్పేశాను. ఇప్పుడు మీరు వద్దన్నా పంపేస్తాను.

టెక్కలి_మాస్టారు
మా స్కూలు డాబా మీద రెండున్నాయి, పిల్లల బంతి తగిలి పగిలినవి. హెడ్మాస్టరుని అడిగి రేపు చెబుతాను. ప్రభుత్వ సామాను కదా, రిజిస్టరులో కొట్టేయించాలి.

చీపురుపల్లి_చిన్నోడు
మా వీధి దీపాలవి పద్నాలుగు. కానీ బట్టలెక్కడ ఆరేసుకోవాలి?

సోలార్_సూరి
ప్లేట్లు ఇచ్చి స్తంభాలు ఉంచుకోండి. అందరికీ ఒక్క మాట, బండిలో పడుకోబెట్టొద్దు. అంచు మీద నిలబెట్టి, మధ్యలో అట్టలు పెట్టి తాడు కట్టాలి. పగిలినవాటి ముఖానికి వెడల్పు టేపు అంటించండి, గాజు రాలి కుర్రాళ్ళ కాళ్ళకి గుచ్చుకోకుండా.

ఉద్దానం_కొబ్బరి
టేపు నాన్న అప్పుడే అంటించేశారు. గునపం కూడా లోపల పెట్టేశారు. బుధవారం ఎన్నింటికి రమ్మంటారో చెప్పండి.